బొమ్మ చూపించిన బిడ్డతో ఏమని చెప్పవలెను?



ఈ మధ్య మన యిండ్లలో ఒక క్రొత్త పని కనబడుచున్నది. పిల్లలు ఫోను మీద బొమ్మలు గీస్తున్నారు. కాగితము అక్కరలేదు, రంగుల డబ్బా అక్కరలేదు. వ్రేలితో గాని, అంగడిలో తక్కువ ధరకు దొరికే టచ్ పెన్నుతో గాని అద్దము మీద గీతలు గీసి ఒక మనిషిని తయారు చేస్తారు. ఆ మనిషికి పేరు పెడతారు. బట్టలు తొడుగుతారు. అతడు కోపిష్ఠియా, నెమ్మది గలవాడా, భయస్థుడా అని తమ మనస్సులో ముందే అనుకొని ఉంటారు. దీనిని వారు క్యారెక్టర్ అంటారు, మనము పాత్ర అంటాము. గోదావరిఖని క్వార్టర్లలోను, యైటింక్లయిన్ కాలనీలోను, సెంటినరీ కాలనీలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను ఇట్టి పిల్లలను మేము చూచుచున్నాము.

ఒకనాడు ఆ బిడ్డ ఫోను మన చేతికిచ్చి, "ఎట్లున్నది?" అని అడుగుతుంది. అప్పుడు మన నోట సాధారణముగా మూడు మాటలలో ఒకటి వస్తుంది. "ఆ ఫోను పక్కన పెట్టి చదువుకోరాదు?" అనునది మొదటిది. సరిగా చూడకుండనే "అబ్బా, శాన మంచిగున్నది" అనునది రెండవది. "ఇదేం మనిషి? చేతులు చూడు, పారలున్నట్టున్నయి" అనునది మూడవది. మొదటి మాట విన్న బిడ్డ మరల చూపించదు. రెండవ మాట విన్న బిడ్డ సంతోషిస్తుంది గాని ఏమియు నేర్చుకొనదు. మూడవ మాటలో నిజముండవచ్చును, అయితే ఆ నిజమును పట్టుకొని ఏమి చేయవలెనో బిడ్డకు తెలియదు. ఈ మూడు గాక నాలుగవ మాట ఒకటి ఉన్నది. ఈ నెల దానిని గూర్చి ఆలోచింతము.

ఇది చిన్న సంగతి అనుకొనవద్దు. పూర్వము బిడ్డ కాగితము మీద గీసిన బొమ్మను ఎవరైన ఎగతాళి చేస్తే, ఆ కాగితము ట్రంకు పెట్టె అడుగున ఎక్కడో పడి ఉండేది. పదేండ్ల తరువాతనైన బయటపడేది. ఫోనులోని బొమ్మ అట్లు కాదు. మనస్సు విరిగిన క్షణములో వ్రేలితో నొక్కితే చాలు, పది రాత్రుల కష్టము పోతుంది. అందుచేత ఈ కాలపు పిల్లల విషయములో మన నోటి మాటకు మునుపటి కంటె ఎక్కువ జాగ్రత్త అవసరము.

"మాకు బొమ్మలు గీయరాదు గదా, మేమేమి చెప్పగలము?" అని మీలో కొందరు అనవచ్చును. ఆ మాటకు జవాబుగా మా సంఘములో జరిగిన ఒక సంగతి చెప్పుచున్నాము.

తాత బొమ్మ

మా సంఘములో ఇంటర్ చదువుచున్న ఒక అమ్మాయి ఉన్నది. ఆమె తాత సింగరేణిలో కోల్ ఫిల్లరుగా పని చేసినాడు. అనగా తట్టా చెమ్మస్ పట్టుకొని బాయిలో దిగి, పగిలిన బొగ్గును తట్టకెత్తి టబ్బులో పోసే పని. బొగ్గు ఎత్తే యంత్రములు వచ్చిన తరువాత ఆ పని తగ్గిపోయినది గాని, మన ప్రాంతములో ఎన్నో కుటుంబములు ఆ తట్ట మీదనే బ్రతికినవి. ఆ తాత ఇప్పుడు లేడు. ఆమె తండ్రి కూడ బాయి పనివాడే.

యౌవనస్థుల కూడికలో చెప్పదలచిన ఒక కథ కొరకు ఆమె తన తాతనే పాత్రగా గీసినది. ఐబిస్ పెయింట్ అను యాప్ పెట్టుకొని పదకొండు రాత్రులు వ్రేలితోనే గీసినది. నెత్తి మీద టోపి, టోపికి దీపము, కాళ్ళకు బురద బూట్లు, చేతులలో నిండు బొగ్గు తట్ట, ముఖము నిండ నవ్వు.

కూడిక అయిన తరువాత ఫోను చేతులు మారినది. ఒక పెద్దమనిషి చూచి, "ఇది మనిషా, చేనుల పెట్టే దిష్టిబొమ్మా?" అన్నాడు. ఆయన చెడ్డ ఉద్దేశముతో అనలేదు, నవ్వించుటకే అన్నాడు. నలుగురు నవ్వినారు. అమ్మాయి కూడ నవ్వినది. ఆ రాత్రి ఇంటికి పోయి ఆ బొమ్మను తీసివేసినది. తరువాత యాప్‌ను కూడ తీసివేసినది.

అయితే ఒక ప్రతి మిగిలినది. బొమ్మ పూర్తియైన నాడే ఆమె దానిని తండ్రికి వాట్సాప్‌లో పంపినది. రెండు దినముల తరువాత మేము ఆ యింటికి పోయినప్పుడు, తండ్రి మంచము మీద కూర్చొని తన ఫోనులో ఆ బొమ్మనే చూస్తున్నాడు. నాయనమ్మ ప్రక్కన ఉన్నది. అమ్మాయి గడప దగ్గర నిలబడి ఉన్నది.

"బిడ్డా, లైటు మంచిగ గీసినవు" అన్నాడు తండ్రి. "మరి దాని వైరేది? తాత పని చేసినప్పుడు వైరు ఎనుకనుంచి నడుము దాక వచ్చేది. బ్యాటరీ బెల్టుకుండేది."

నాయనమ్మ ఫోను దగ్గరికి తీసుకొని చాలసేపు చూచినది. "మొకం ఆయనదే. నవ్వు గూడ ఆయనదే. గని నిండు తట్ట పట్టుకొని మనిషి గిట్ల నిటారుగ ఎట్ల నిలవడ్తడే? ఇంటికాడ ఎరువు తట్ట ఎత్తినా ఆయనకు మోకాళ్ళు వంగేటియి, నడుము ఎనుకకు పోయేది. రిటైరైనంక గూడ ఎడమ రెక్క కిందికే ఉండె."

అమ్మాయి గబగబ వచ్చి ఫోను తీసుకొన్నది. "అందుకేనా నాయనమ్మా! ఎంత రంగేసినా తట్టల బరువున్నట్టు కనిపిస్తలేదు" అన్నది. పదకొండు రాత్రులు వెదకినను ఆమెకు దొరకని సంగతి అది.

ప్రియులారా, గమనించండి. ఆ తండ్రి గాని ఆ నాయనమ్మ గాని ఎన్నడు బొమ్మ గీసినవారు కారు. వారు తమకు తెలిసిన మనిషిని గూర్చి, తమకు తెలిసిన పనిని గూర్చి చెప్పినారు. ఇంకొక సంగతి కూడ చూడండి. దిష్టిబొమ్మ అన్న పెద్దమనిషి చూచినది కూడ ఆ బిగుసుతనమునే. నాయనమ్మ చూచినదియు దానినే. ఇద్దరి కంట బడిన లోపము ఒక్కటే. ఒకరి మాటకు బొమ్మ పోయినది. ఇంకొకరి మాటకు ఆ అమ్మాయి మరల గీయుటకు కూర్చున్నది. కాబట్టి లోపము చెప్పవలెనా మానవలెనా అనునది అసలు ప్రశ్న కాదు. ఆ మాట విన్న తరువాత బిడ్డ చేతికి పని దొరికినదా లేదా అనునదే ప్రశ్న.

మొదట అడుగవలెను

బొమ్మ చేతికి రాగానే తీర్పు చెప్పవద్దు. "ఇతడెవరు? ఎక్కడ ఉన్నాడు? ఏమి చేయుచున్నాడు? నీకు ఏది సరిగా రాలేదనిపించుచున్నది?" అని అడుగండి. మేము ఆ అమ్మాయిని, "ఇది షిఫ్టు మొదలా, చివరా?" అని అడిగితిమి. "చివర, అయ్యగారూ. ఆఖరి తట్ట. ఇంక ఇంటికొస్తడు, నన్ను చూస్తడు" అన్నది. అప్పుడు ఆ నవ్వు ఎందుకున్నదో మాకు అర్థమైనది. అడుగకుండ ఉన్నట్లయితే, "ఇంత బరువు మోసేవాడు నవ్వుతాడా, నవ్వు తీసివేయి" అని ఎవరైన చెప్పియుండవచ్చును. బొమ్మలో ఆమెకు అన్నిటికంటె ప్రియమైనది పోయేది.

బిడ్డ తలచినదానికి బొమ్మ ఎంత దగ్గరగా వచ్చినదో చెప్పుటయే మన పని. మనకు ఇష్టమైన బొమ్మను ఆమె చేత గీయించుట మన పని కాదు. జపాను కార్టూనుల వలె పెద్ద కండ్లు గీసే పిల్లలను చూచి, "ఇవేం కండ్లు, గుడ్లగూబ కండ్లు" అనేవారున్నారు. అది ఆ పిల్లలు ఎన్నుకొన్న పద్ధతి. ఆ పద్ధతిలోనే రెండు కండ్లు ఒక వరుసలో ఉన్నవా, ఒకవైపే చూస్తున్నవా అని చూడండి.

బాగున్నదానిని పేరు పెట్టి చెప్పవలెను

"బాగుంది" అను మాట ఖాళీ తట్ట వంటిది. "బూట్ల మీద బురద వేసినావు, అప్పుడే బాయి నుండి వచ్చినట్టున్నది" అనండి. క్రొత్తగా నేర్చుకొనేవారికి తమ బొమ్మలో ఏది తప్పో తెలియనట్లే, ఏది ఒప్పో కూడ తెలియదు. చెప్పనియెడల, తప్పు దిద్దబోయి ఒప్పును కూడ చెరిపివేస్తారు. కాబట్టి మెచ్చుకొనుట మర్యాద కొరకు మాత్రమే కాదు. ఏది ఉంచుకొనవలెనో చూపించుటకు అది ఒక గుర్తు.

లేని గొప్ప చెప్పవద్దు. పిల్లలు మన ముఖము చూచి కనిపెడతారు. ఒకసారి అబద్ధపు పొగడ్త అని తెలిసినచో, తరువాత మనము నిజముగా మెచ్చుకొన్నను నమ్మరు.

ఒక్క లోపము, అది కూడ పెద్దది

మన ప్రాంతపు వారికి బాయిలో మైనింగ్ సర్దారు చేసే పని తెలుసు. పనివారు పని మొదలుపెట్టక ముందు అతడు పైకప్పును కర్రతో తట్టి చూస్తాడు. గట్టిగా ఉన్న రాయి ఖంగుమని మ్రోగుతుంది. లోపల వదులైనది బొంగురుగా పలుకుతుంది. అతడు కప్పునంతటిని తిట్టుకొంటూ పోడు. ఎక్కడ వదులైనదో అక్కడ సపోర్టు పెట్టిస్తాడు, వ్రేలాడే పెళ్ళను దింపిస్తాడు, చూచిన గుర్తుగా సుద్దతో తేది వేస్తాడు. ఆ తరువాత పని సాగుతుంది. బొమ్మను చూచే కన్ను కూడ అట్టిదై ఉండవలెను. మనము తట్టి చూచేది పని ఆపుటకు కాదు, పని సాగుటకు.

నేర్చుకొనేవారి బొమ్మలో పది లోపములుండవచ్చును. పదింటిని ఒకేసారి చెప్పినచో ఒక్కటియు దిద్దుకొనలేరు. వాటికి ఒక వరుస ఉన్నది. మొదట మనిషి నిలుచున్న తీరు చూడవలెను. తరువాత కొలతలు. తరువాత ముఖము. తరువాత వెలుతురు, నీడ. గుండీలు, నగలు, వెంట్రుకలు అన్నిటికంటె చివర. ఎందుకనగా నిలుచున్న తీరు మారినచో దాని మీద గీసినవన్నియు మరల గీయవలసి వస్తుంది. గోడ వంకరగా ఉండగా సున్నము వేసి లాభము లేదు.

నిలుచున్న తీరు అనగా బరువు ఎక్కడ ఉన్నదని చూచుట. పెద్దలలో అనేకులు చందమామ చదివినవారే. 1947లో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావడము లేదు గాని, విక్రమార్కుడు భుజము మీద శవమును వేసుకొని కత్తి చేతబట్టి నడిచే బొమ్మ మన కండ్ల ముందు ఇంకను ఉన్నది. దానిని గీసిన శంకర్ గారు 1952లో ఆ పత్రికలో చేరి, 2020లో తొంబది ఆరేండ్ల వయస్సున కన్నుమూసినారు. భుజము మీద మరియొక మనిషి బరువున్నవాడు ఎట్లు అడుగు వేస్తాడో ఆ బొమ్మలో తెలుస్తుంది. మీ యింట పాత సంచిక ఉన్నచో పిల్లలకు చూపించండి.

కొలతలు మనము కూడ పరీక్షింపగలము. ఎదిగిన మనిషి ఎత్తు సుమారు ఏడు, ఏడున్నర తలలుంటుంది. నాలుగేండ్ల బిడ్డ ఎత్తు సుమారు అయిదు తలలు. అందుచేతనే పెద్దవాని మీద పెద్ద తల పెడితే పిల్లవాని వలె కనబడుతాడు. ముఖములో కండ్లు ఎక్కడ ఉంటవి అని అడిగితే చాలమంది నుదుటి దగ్గర చూపిస్తారు. నిజమునకు నడినెత్తికి గడ్డమునకు సరిగా మధ్యన ఉంటవి. తెరచిన అరచేయి ఇంచుమించు గడ్డము నుండి నుదుటి పైభాగము వరకు వస్తుంది. ఇప్పుడే మీ చేతిని ముఖము మీద పెట్టి చూడండి. కావాలని కొలతలు మార్చి గీసేవారున్నారు, అది వేరు. తెలిసి మార్చినదా, తెలియక వచ్చినదా అని బిడ్డను అడిగినచో తెలియును.

తాత బొమ్మలో ఇంకను లోపములుండెను. దీపము వెలుగుచున్నను దాని వెలుతురు తట్ట మీద పడలేదు. గీతలన్నియు ఒకే లావున ఉండెను. వ్రేళ్ళు తట్టను పట్టుకొన్నట్టు లేవు. మేము వాటిని ఆ రోజు ఎత్తలేదు. తాత వంగవలసియుండగా వ్రేళ్ళను గూర్చి మాట్లాడుట దేనికి?

దిద్దుకొనే దారి చూపించవలెను

"ఏదో సరిగ లేదు" అని చెప్పి ఫోను తిరిగి ఇచ్చుట, దారి అడిగినవానికి "ఇది కాదు" అని మాత్రము చెప్పి పోవుట వంటిది. ఫోను మీద గీసే పిల్లలకు తమ బొమ్మను తామే పరీక్షించుకొనే సులువైన మార్గములున్నవి. వాటిని ఇంటివారు తెలిసికొని గుర్తు చేయవచ్చును.

ఒకటి, త్రిప్పి చూచుట. బొమ్మను అద్దములో చూచినట్టు ఎడమ కుడులు మార్చే బటన్ ఇట్టి యాప్‌లలో ఉంటుంది. ఎక్కువసేపు గీసిన కన్ను వంకరకు అలవాటు పడుతుంది. త్రిప్పగానే ఒక కన్ను క్రిందికి జారినది, ఒక భుజము పొడవైనది తెలిసిపోతుంది.

రెండు, చిన్నగా చేసి చూచుట. చిన్న తెర మీద దగ్గరికి లాగి కనురెప్పల వెంట్రుకలు గీయుచుండగా, మొత్తము మనిషి ఎటు పోయినాడో కనబడదు. ఇది కాగితము మీద గీసేవారికి అంతగా లేని చిక్కు. మధ్య మధ్య బొమ్మను బొటనవ్రేలంత చేసి చూడుమని చెప్పండి.

మూడు, నల్లగా నింపి చూచుట. మనిషినంతటిని నలుపుతో నింపి నీడ వలె చేసినప్పుడు, ఎవరో, ఏమి చేయుచున్నాడో తెలియవలెను. ఇది క్రొత్త సంగతి కాదు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు కథ చెప్పేవారి కొరకు గుడ్డ మీద పొడవైన పటములు గీస్తూ వచ్చినారు. కథకుడు పటము విప్పి చూపించగా, దూరమున కూర్చున్నవానికి కూడ ఎవరు రాజో ఎవరు బంటో తెలియవలెను గదా. అందుకే వారు ఆకారముతోను రంగుతోను ఒక్కొక్క పాత్రను వేరు చేసినారు. మన పిల్లలెరిగిన ఛోటా భీమ్ కూడ అట్టిదే. 2001లో హైదరాబాదులో రాజీవ్ చిలక గారు ప్రారంభించిన గ్రీన్ గోల్డ్ సంస్థ ఆ బొమ్మల కథను 2008లో టీవీకి తెచ్చినది. నీడను చూచినను ఎవరు భీమో, ఎవరు కాలియానో పసివాడు చెప్పగలడు.

నాలుగు, నిజముగా చేసి చూచుట. ఆ తండ్రి మరునాడు నీళ్ళ బకెట్టు రెండు చేతులతో ఎత్తి వాకిట్లో నిలబడినాడు. అమ్మాయి ప్రక్క నుండి ఫోటో తీసికొన్నది. పాఠము చెప్పుట కంటె ఆ బకెట్టు ఎత్తుటయే ఎక్కువ మేలు చేసినది.

మన చేయి వారి బొమ్మ మీద వేయవద్దు

గీయవచ్చిన అన్నలు, అక్కలు, డ్రాయింగు మాస్టర్లు ఒక సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. "ఇటు తే, నేను దిద్దుతా" అని ఫోను గుంజుకొని బిడ్డ గీతల మీద గీయరాదు. యాప్‌లలో లేయర్ అను సదుపాయమున్నది. అది బొమ్మ మీద గాజు పలక పరచినట్టుంటుంది. దాని మీద గీసినది క్రింది బొమ్మను చెరపదు. బిడ్డ ఒప్పుకొన్నచో క్రొత్త లేయర్ మీద వేరే రంగుతో నాలుగు గీతలు వేసి, నడుము ఎటు వంగవలెనో చూపించి, ఆ లేయర్‌ను కనబడకుండ చేసి ఫోను తిరిగి ఇవ్వండి. తరువాత ఆమెయే తన చేతితో గీసికొనవలెను. మనము పూర్తి చేసి ఇచ్చిన బొమ్మ ఎంత అందముగా ఉన్నను ఆమెది కాదు.

నలుగురిలో కాదు, ప్రక్కకు పిలిచి

అపొస్తలుల కార్యముల 18వ అధ్యాయములో అపొల్లో అను వాక్చాతుర్యము గల మనుష్యుని గూర్చి చదువుచున్నాము. అతడు బోధించిన దానిలో కొంత కొరత ఉండెను. అకుల ప్రిస్కిల్లలు సమాజమందిరములో అందరి ముందు లేచి అతని తప్పు పట్టలేదు. తమ యొద్దకు చేర్చుకొని మరింత పూర్తిగా వివరించి చెప్పిరి. అతడు బోధించుట మానలేదు, ముందుకంటె బలముగా బోధించెను. వారు డేరాలు కుట్టుకొని బ్రతికేవారని కూడ మరువవద్దు. దిద్దుటకు గొప్ప బిరుదులు అక్కరలేదు.

పెద్దవారి ఆదరణ ఎంత దూరము పోవునో మన తెలుగుదేశములోనే నిదర్శనమున్నది. మన గోదావరిఖని ప్రక్కన పారే ఈ గోదావరియే దిగువన రాజమహేంద్రవరము చేరును. అక్కడి ప్రభుత్వ ఆర్ట్సు కాలేజీకి 1909 నుండి 1919 వరకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండెను. ఆయన తానే చిత్రకారుడు. 1897లో పుట్టిన దామెర్ల రామారావు అను కుర్రవాని చేతిలోని నేర్పును ఆయన కనిపెట్టి ప్రోత్సహించి, బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరుటకు తోడ్పడెను. అడివి బాపిరాజు గారు కూడ ఆయన శిష్యులే. రామారావు 1925లో మశూచి సోకి ఇరువది ఏడేండ్లకే చనిపోయినాడు. అయినను ఆ కొద్ది సంవత్సరములలో గీసిన చిత్రములు రాజమహేంద్రవరములో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో నేటికిని చూడవచ్చును. చూచి ఆదరించిన ఒక పెద్దమనిషి లేకపోయినచో ఆ చేయి ఎటు పోయెడిదో!

యంత్రముతో పోల్చవద్దు

"పక్కింటి పిల్లవాడు నీకంటె మంచిగ గీస్తాడు" అను మాట పాతదే. ఇప్పుడు క్రొత్త పోలిక వచ్చినది. మాట చెప్పగానే క్షణములో బొమ్మ చేసి ఇచ్చే కంప్యూటరు సాధనములు వచ్చినవి. "అది చిటికెలో చేస్తది, నువ్వు పదకొండు రాత్రులెందుకు?" అని అడిగేవారున్నారు. బొగ్గు బాయి పనివాని బొమ్మ ఇమ్మంటే ఆ యంత్రము ఇచ్చును. అయితే రిటైరైన తరువాత కూడ ఒక తాత ఎడమ రెక్క క్రిందికే ఉండెనని దానికెవరు చెప్పినారు? అది ఆ నాయనమ్మకే తెలుసు, ఇప్పుడు ఆ మనుమరాలికి తెలుసు. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం గారు పెద్ద బొట్టు, ముదురు రంగు చీరలు గల తెలంగాణ పల్లె స్త్రీలను గీసి దేశమంతట పేరు పొందినారు. ఆయన గీసినది తన ఊరివారినే. మన పిల్లలకు కూడ గీయుటకు కావలసినంతమంది మనుష్యులు మన గల్లీలోనే ఉన్నారు.

ఈ పని అన్నము పెడుతుందా అని తల్లిదండ్రులు అడుగుట న్యాయమే. హైదరాబాదులో బొమ్మల సినిమాలు చేసే సంస్థలున్నవి. 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చిత్రకళ, యానిమేషన్ చదువులున్నవి. గీసిన ప్రతి బిడ్డకు అక్కడ చోటు దొరుకునని మేము చెప్పము. చదువునకు వేళ, నిద్రకు వేళ, ఫోనునకు వేళ ఇంటిలో ఏర్పరచవలసినదే. అయితే ఉద్యోగము రాకపోయినను, మనిషిని నిదానించి చూచుట నేర్చిన కన్ను ఎక్కడికి పోయినను పనికివస్తుంది. నిర్గమకాండము 35వ అధ్యాయములో బెసలేలునకు చేతిపని నేర్పుతో పాటు ఇతరులకు నేర్పే మనస్సు కూడ దేవుడే ఇచ్చెనని వ్రాయబడియున్నది. చేతిపనియు, దానిని నేర్పుటయు, రెండును ఆయన వరములే.

ఆ అమ్మాయి తన ఫోనులోని బొమ్మను తీసివేసియుండెను గనుక లేయర్లన్నియు పోయినవి, వాట్సాప్ ప్రతిలో దిద్దుటకు వీలు లేదు. మొదటి నుండి గీయవలసి వచ్చినది. మూడవసారి గీసినదానిలో తాత వంగినాడు, వైరు నడుము దాక వచ్చినది, తట్టకు బరువు వచ్చినది. వ్రేళ్ళు ఇంకను సరిగా రాలేదు. ఆమె ఇప్పుడు నాయనమ్మ చేతులను చూచి గీయుచున్నది.

పాఠకులారా, ఈ నెల మీ యింటిలో ఒక పని చేయండి. గీసే బిడ్డ ఉన్నచో, అడుగకముందే మీరే ప్రక్కన కూర్చొని, "నువ్వు గీసింది చూపియ్యి" అనండి. అది ఎవరో అడుగండి. బాగున్న ఒకదానిని పేరు పెట్టి చెప్పండి. మీకు తెలిసిన ఒక్క నిజము చెప్పండి. దానిని ఎట్లు సరిచేయవచ్చునో కలిసి వెదకండి. చివరకు, "మళ్ళీ గీసినంక నాకు చూపియ్యి" అని చెప్పి, ఆ మాట మరువక మరల అడుగండి. తండ్రులు పిల్లల మనస్సు క్రుంగునట్లు వారిని విసికించకూడదని అపొస్తలుడు కొలొస్సయులకు వ్రాసిన మాట బొమ్మల విషయములో కూడ వర్తిస్తుంది.

దేవుడు మీ గృహములను దీవించును గాక.